గియోన్ ఉత్సవం: క్యోటో వాడలు మోసుకొచ్చిన మొక్కు
(జపాన్ చరిత్ర దారుల్లో – 9వ భాగం)

పోయిన భాగంలో ర్యోఆన్‌జీ గుడిలోని రాళ్ళతోట చూశాం. ఆ గుడిని 1450లో కట్టించిన హొసొకావ కత్సుమోతోనే, పదిహేడేళ్ళు తిరిగేసరికి క్యోటో నగరం తగలబడిపోవడానికి కారకుల్లో ఒకడయ్యాడు. షోగన్ వారసత్వం ఎవరికి దక్కాలన్న తగవులో ఆయన తూర్పు సేనకు నాయకుడు. పడమటి సేనకు నాయకుడు ఆయన మామగారు యామనా సోజెన్. మామాఅల్లుళ్ళు చెరోవైపు నిలబడిన ఆ పోరుకి చరిత్రలో ఓనిన్ యుద్ధమని పేరు. 1467లో మొదలై 1477 దాకా సాగింది. 1473లో రెండు నెలల తేడాతో మామా పోయాడు, అల్లుడూ పోయాడు. అయినా సైనికులు మరో నాలుగేళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు. ర్యోఆన్‌జీ కూడా ఆ మంటల్లోనే కాలింది. ఇవాళ మనం చూసేది తర్వాత మళ్ళీ నిలబెట్టిన గుడి.

ఆ యుద్ధంలో ఆగిపోయినవాటిలో ఒక పండగ ఉంది. ఏటా ఎండాకాలంలో నగరం నడిబొడ్డున దాదాపు అరవై బండ్లతో ఊరేగింపు జరిగేది. అది 1467 నుంచి ముప్ఫైమూడేళ్ళు జరగలేదు. అంటే యుద్ధం మొదలైన ఏడు పుట్టిన పిల్లవాడు తన పిల్లల్ని ఎత్తుకునే వయసు వచ్చేదాకా ఒక్క బండీ వీధిలోకి రాలేదు. అలాంటి పండగలు చాలావరకు మరుగునపడిపోతాయి. ఇది పడలేదు. జులైలో క్యోటో వెళ్ళేవారికి ఆ నెలంతా కనపడే గియోన్ మత్సురి అదే. ఎందుకు మరుగునపడలేదన్నదే ఈ భాగంలో నేను చెప్పదలచుకున్న కథ. దాన్ని రాజులతో మొదలుపెట్టక తప్పదు గానీ, అది రాజుల కథ కాదు.

నిజో కోటకు దక్షిణంగా, రోడ్డు దాటితే ఒక చిన్న కొలను, ఎర్రటి వంతెన, నీటిలో ఒక పడవ కనిపిస్తాయి. పేరు షిన్‌సెన్-ఎన్. కోట చూసి అలసిపోయినవాళ్ళు దీన్ని పట్టించుకోకుండా వెళ్ళిపోతుంటారు. క్యోటో 794లో రాజధాని అయినప్పుడు చక్రవర్తి విహారం కోసం వేసిన తోట ఇది. అప్పట్లో ఎంతో విశాలంగా ఉండేది. 1603లో తొకుగావా ఇయెయాసు నిజో కోట కట్టినప్పుడు తోటలో పెద్ద భాగం కోటలో కలిసిపోయింది. మిగిలింది ఈ కొలను. గియోన్ ఉత్సవం పుట్టింది ఈ నీటి ఒడ్డునే. క్యోటోలో ఒక తోటకీ ఒక పండగకీ మధ్య ఇంత పాత బంధుత్వం ఇంకెక్కడా నాకు కనపడలేదు.

రాజధాని క్యోటోకి రావడం వెనక ఒక చావు ఉంది. 785లో కన్ము చక్రవర్తికి దగ్గరి మంత్రి ఒకాయన హత్యకు గురయ్యాడు. నేరం చక్రవర్తి సొంత తమ్ముడు, యువరాజు సవరా మీద పడింది. ఆయన్ని అవాజీ దీవికి పంపేశారు. నేను నిర్దోషిని అని చెప్పడానికి సవరా అన్నం ముట్టడం మానేశాడు. దారిలోనే ప్రాణం పోయింది. శవాన్ని కూడా వెనక్కి తేలేదు, దీవికే పంపి అక్కడే పాతిపెట్టారు. ఆ తర్వాత చక్రవర్తి భార్య పోయింది, తల్లి పోయింది, కొడుకు మంచం పట్టాడు. తమ్ముడి ఆత్మే పగబట్టిందని చక్రవర్తి నమ్మాడు. పాత రాజధానిని వదిలి కొత్త నగరానికి మారాడు. 800లో చనిపోయిన తమ్ముడికి చక్రవర్తి బిరుదు కూడా ఇచ్చాడు.

భయం మాత్రం పోలేదు. అన్యాయంగా చనిపోయిన పెద్దింటివాళ్ళ ఆత్మలు రోగాలై తిరిగొస్తాయన్న నమ్మకం జనంలో బలపడింది. 863లో దగ్గుజబ్బు ఒకటి వ్యాపించి జనం రాలిపోతుంటే, ఆస్థానం షిన్‌సెన్-ఎన్ తోటలో శాంతి జరిపించింది. సవరాతో కలిపి ఆరుగురి ఆత్మలకు పూలూ పళ్ళూ పెట్టారు, బౌద్ధ సూత్రాలు చదివించారు, ఆటలు ఆడించారు, పాటలు పాడించారు. ఆ రోజు తోట ద్వారాలు తెరిచి మామూలు జనాన్ని లోపలికి రానిచ్చారని ఆస్థాన చరిత్రలో రాసి ఉంది. చక్రవర్తి తోటలోకి ఊరి జనం అడుగుపెట్టడం చిన్న విషయం కాదు. ఈ కథ మొత్తానికీ నాకు ఆ తెరిచిన ద్వారమే అసలు మొదలు అనిపిస్తుంది.

తర్వాతి ఆరేళ్ళూ జపాన్‌కి మంచివి కావు. 864లో ఫుజి పర్వతం బద్దలైంది. 869లో ఈశాన్య తీరంలో భూకంపం, దాని వెంటే సునామీ. వెయ్యిమంది మునిగిపోయారని రాశారు. సెందాయ్ మైదానం మట్టిపొరల్లో ఆ సునామీ ఇసుకను శాస్త్రవేత్తలు గుర్తించారు. 2011లో అదే తీరానికి మళ్ళీ సముద్రం వచ్చాక ప్రపంచమంతా ఆ పాత సునామీ పేరు విన్నది. అదే 869లో రోగాలూ వచ్చాయి. అప్పుడు దేశంలోని 66 సంస్థానాలకు గుర్తుగా 66 బల్లేలు నిలబెట్టి, గియోన్ దేవుడి పల్లకీని షిన్‌సెన్-ఎన్‌కి ఊరేగించారని సంప్రదాయం చెబుతోంది. ఈ ఉత్సవం తన వయసు లెక్కపెట్టుకునేది ఆ ఏడు నుంచే.

ఆ దేవుడు ఎవరంటే, గోజు తెన్నో. ఎద్దు తల దేవుడు. శ్రావస్తిలో బుద్ధుడు వానాకాలాలు గడిపిన జేతవనానికి కాపలాదారు అని జపాన్ బౌద్ధులు చెప్పుకున్నారు. గియోన్ అన్న పేరు ఆ జేతవనానిదే. 1868లో మెయిజీ ప్రభుత్వం షింటోనీ బౌద్ధాన్నీ విడదీసినప్పుడు ఈ దేవుడి గుడి పేరు యాసకా అయింది, దేవుడి పేరు సుసనో అయింది. జనం నోట్లో మాత్రం పండగ పేరు గియోన్‌గానే ఉండిపోయింది.

ఈయన గురించి చెప్పుకునే కథ ఒకటుంది. దేవుడు దారినపోయే బాటసారిగా వచ్చి రాత్రికి చోటు అడిగాడు. డబ్బున్న కోతన్ లేదు పొమ్మన్నాడు. పేద అన్న సోమిన్ కొర్రగడ్డి పరిచి, ఉన్నదే వండి పెట్టాడు. రోగం వచ్చిన రోజున నీ సంతతికి ఏమీ కాదు అని దేవుడు మాటిచ్చాడు. ఇప్పటికీ క్యోటోలో ఇళ్ళ గుమ్మాల పైన, దుకాణాల ముందు వెదురాకు పొట్లాల కట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని చిమాకి అంటారు. మేం సోమిన్ సంతతివాళ్ళం అని దానిమీద రాసి ఉంటుంది. పండగ రోజుల్లో ఒక్కో బండి దగ్గరా దాని చిమాకి అమ్ముతారు. ఏడాదిపాటు గుమ్మానికి ఉంచి, మరుసటి జులైకి మార్చుకుంటారు. కొత్తగా వెళ్ళినవాళ్ళు తినేదనుకుని విప్పుతుంటారు. లోపల తినేదేమీ ఉండదు, అది కట్టుకోవడానికే.

బల్లేలు బండ్లుగా మారింది పద్నాలుగో శతాబ్దంలో. కత్తి లాంటి కొన ఉన్న ఎత్తయిన స్తంభం, దాని చుట్టూ అంతస్తు, కింద చక్రాలు. ఇవి హొకోలు. పైన్ కొమ్మ నాటి, దాని కింద బొమ్మలతో పాత కథలోని ఒక ఘట్టం చూపించేవి యమలు. నగరంలో వ్యాపారం పెరిగి, నేతగాళ్ళూ వడ్డీవ్యాపారులూ సారా కాచేవాళ్ళూ నాలుగు డబ్బులు చూశాక, ఒక్కో వాడ తనకంటూ ఒక బండి చేసుకుంది. 1378లో షోగన్ అషికాగా యోషిమిత్సు ఈ ఊరేగింపు చూడటానికి మంచె వేయించుకుని కూర్చున్నాడు. తరవాత బంగారు మండపం కట్టించింది ఈయనే. పక్కన కూర్చోబెట్టుకున్న కుర్రాడు జెయామి. ఇంకా పదిహేనేళ్ళు నిండినట్టు లేవు. నో నాటకానికి పెద్ద దిక్కు అయినవాడు ఈ కుర్రాడే. ఆటగాళ్ళ పిల్లవాణ్ణి షోగన్ సరసన కూర్చోబెట్టుకోవడమేమిటని ఒక ఆస్థాన ప్రభువు తన దినచర్యలో మండిపడ్డాడు. అతని కోపం పుణ్యాన మనకు ఆనాటి ఊరేగింపు గురించి ఒక సాక్ష్యం దొరికింది.

వాడ అన్నానుగా, క్యోటోలో దాన్ని చో అంటారు. దాని లెక్క వేరు. నాలుగు రోడ్ల మధ్య చదరం కాదు. ఒకే వీధికి ఇటువైపు ఇళ్ళూ, ఎదురుగా ఉన్న అటువైపు ఇళ్ళూ కలిస్తే ఒక చో. అంటే పొద్దున్నే తలుపు తీస్తే ఎవరి మొహం కనిపిస్తుందో వాళ్ళే మన వాడవాళ్ళు. యుద్ధకాలంలో దొంగల నుంచీ సైనికుల నుంచీ కాపాడుకోవడానికి వీధి రెండు చివర్లా ద్వారాలు పెట్టుకున్నారు, వంతులవారీగా కాపలా కాశారు. బండి ఆ వాడ ఉమ్మడి ఆస్తి. దాని దుంగలూ బట్టలూ బొమ్మలూ వాడ కొట్లో భద్రం. యాసకా గుడికి మూడు పల్లకీలు ఉన్నాయి, అవి గుడివి. బండ్లు మాత్రం గుడివి కావు, వీధులవి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కిన చరిత్రంతా అర్థమవుతుంది.

1500లో ఊరేగింపు మళ్ళీ మొదలైనప్పుడు 36 బండ్లు వచ్చాయి. పండగ లేని మధ్యకాలంలో ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అన్నది తెలిసినవాళ్ళు చాలామంది పోయారు. దాంతో తగవు రాకుండా చీటీలు వేసుకున్నారు. ఇప్పటికీ అదే పద్ధతి. జులై 2న నగరపాలక భవనంలో వాడల పెద్దలు చీటీలు తీస్తారు. ఊరేగింపు రోజున షిజో వీధి మధ్యలో ఒక్కో బండి పెద్దా ఆగి, చీటీ ఉన్న పెట్టెను విసనకర్రతో తాడు విప్పి తెరిచి మేయరుకు చూపిస్తాడు. వరస సరిగా ఉందని మేయరు చెబితేనే బండి కదులుతుంది. నగినత-హొకోకు చీటీ లేదు, ఎప్పుడూ ముందు అదే. ఇంకా కొన్నిటికి కూడా స్థానం ఖాయం.

1533లో జరిగినది మాత్రం నేను ఎక్కడ చదివినా ఆగిపోయే ఘట్టం. గియోన్ గుడి అప్పుడు హియే కొండమీది ఎన్ర్యాకుజీ మఠం పెత్తనం కింద ఉండేది. ఆ ఏడు కొండ దిగువ హియే గుడి పండగ జరగలేదు. మా పండగ ఆగింది కాబట్టి గియోన్ పండగా ఆగాలి అని మఠం పట్టుబట్టింది. షోగన్ ప్రభుత్వం సరేనంది. అప్పుడు దిగువ క్యోటోలోని 66 వాడల ప్రతినిధులు కలిసి గుడికొచ్చారు. దేవుడి పూజ జరగకపోతే పోనీయండి, మా బండ్లు మాత్రం తిరగాలి అని అడిగారు. గుడి అధికారి తన దినచర్యలో రాసుకున్న మాట ఇది. తర్వాతి కాలంలో నవలలూ సినిమాలూ దీన్ని జనం తిరుగుబాటుగా చూపించాయి. అంత దూరం నేను వెళ్ళను. వాళ్ళు దేవుణ్ణి కాదనలేదు. పల్లకీ మీద అధికారం మీదైతే బండి మీద అధికారం మాది అన్నారు. చేతిలో కత్తి లేని దుకాణదారులు, నేతగాళ్ళు ఆ మాట అనగలిగారంటే, యుద్ధంలో కాలిన ఇళ్ళని ఎవరి సాయమూ లేకుండా మళ్ళీ కట్టుకున్న అనుభవం వాళ్ళకుంది. మూడేళ్ళకే, 1536లో, అదే కొండ సన్యాసులు సేనతో దిగి దిగువ క్యోటోని పూర్తిగా తగలబెట్టారు. వాడలవాళ్ళు మళ్ళీ కట్టారు.

శాంతి వచ్చిన తొకుగావా కాలంలో ఈ వాడలకు డబ్బు చేరింది. మురోమాచి, షిన్‌మాచి వీధులంతా పట్టుబట్టల టోకు వర్తకులు. బట్టల వ్యాపారి కన్ను బట్ట మీదే కదా. బండ్ల నాలుగు పక్కలా కప్పడానికి ప్రపంచంలో దొరికే మంచి నేతంతా తెప్పించారు. దేశం తలుపులు మూసుకున్న కాలమది. ఐరోపావాళ్ళలో డచ్చివారు ఒక్కరే రావచ్చు. వాళ్ళైనా 1641 నుంచి నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న కృత్రిమ దీవి దాటకూడదు. ఆ సన్నని సందులోంచే క్యోటో బండ్ల మీదికి లోకం వచ్చింది.

కోయి-యమ అనే బండి చూడండి. జలపాతం ఎదురెక్కే చేప దాని కథ. ఆ చేపని కొయ్యతో చెక్కారు. దాని చుట్టూ కట్టిన బట్ట మాత్రం పదహారో శతాబ్దంలో బ్రస్సెల్స్‌లో నేసినది. ట్రాయ్ రాజు ప్రియామ్, రాణి హెకూబా అపోలో విగ్రహం ముందు మోకరిల్లిన దృశ్యం. ఒకే పెద్ద బట్టను ముక్కలుగా కోసి, బండి కొలతకి సరిపడా ముందుకీ వెనక్కీ పక్కలకీ కుట్టారు. గడ్డం రాజు మొహం ఒకవైపు, అతని చుట్టూ ఉన్నవాళ్ళు మరోవైపు. నివతోరి-హొకో వెనక వేలాడేది కూడా ట్రాయ్ యుద్ధ కథే, హెక్టర్ భార్య దగ్గర సెలవు తీసుకోవడం. కంకో-హొకో ముందు బట్ట మీద బావి దగ్గర నీళ్ళిచ్చే రిబ్కా. పాత నిబంధన కథ అది. 1614 నుంచి క్రైస్తవం పేరెత్తితే తల పోయే దేశంలో, ఒక షింటో పండగ బండికి బైబిలు దృశ్యం కట్టి వీధుల్లో తిప్పారు. వాళ్ళు చూసింది ఆ నేత, ఆ రంగు.

ఇక మన సంగతి. ఈ బండ్ల మీద పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల భారతీయ తివాచీలు కూడా ఉన్నాయి. త్సుకి-హొకో ముందు భాగానికి కట్టేది అలాంటిదే. క్యోటో తివాచీల్లో కొన్ని దక్కన్‌లో నేసినవని పరిశోధకులు గుర్తించారు. డచ్చివారికి తూర్పు తీరంలో మొదటి పెద్ద స్థావరం మన మచిలీపట్నం. పదిహేడో శతాబ్దం మొదటి దశకంలోనే అక్కడ కోఠీ పెట్టారు. గోల్కొండ రాజ్యపు రేవు అది. లోపలి ఊళ్ళ నేతంతా అక్కడికే చేరేది. ఏలూరు తివాచీ మగ్గాలు ఆ రేవుకి దగ్గరివే. మన తీరపు అద్దకపు బట్టలంటే జపాన్‌వాళ్ళకు మోజు. వాటిని సరాసా అని పిలుచుకుని, చిన్న ముక్క దొరికినా తేనీటి పాత్రలకు సంచులు కుట్టుకునేవారు. మినామి కన్నన్-యమ వాడవాళ్ళ దగ్గర 1684 నాటి భారతీయ సరాసా ఒకటి భద్రంగా ఉంది. కృష్ణా గోదావరి మధ్య ఊళ్ళలో మగ్గాలు ఆడిన రోజుల బట్టని, కొన్న వాడే మూడు శతాబ్దాలకు పైగా వాననీ నిప్పునీ తప్పించి దాచుకోవడం చూస్తే, ఒక తెలుగువాడిగా నాకు గుండె నిండిపోతుంది.

నిప్పు అన్నది ఉత్త మాట కాదు. క్యోటోని 1708లో ఒకసారి, 1788లో ఇంకా పెద్దగా ఒకసారి మంటలు మింగాయి. 1864లో చోషూ సమురాయ్‌లకూ రాజభవనం కాపలా ఉన్న ఐజు, సత్సుమా సేనలకూ జరిగిన పోరులో మళ్ళీ అంటుకుంది. ఇరవై ఏడు వేలకు పైగా ఇళ్ళు పోయాయి. ఆ మంటల్లోనే ఒఫునే-హొకో పోయింది. అది ఓడ ఆకారంలో ఉండే బండి. యుద్ధం గెలిచి తిరిగొస్తున్న జింగూ మహారాణి దాని దేవత. వాడవాళ్ళు ఎత్తుకుని పరిగెత్తగలిగింది దేవత బొమ్మనీ, దాని ముఖాకృతినీ, కొన్ని బట్టల్నీ. బండి లేదు. అయినా వాడ పండగ మానలేదు. మిగిలిన బట్టల్ని జులైలో వాడ ఇంట్లో పరిచి, దేవతకు పూజ చేసి, సుఖప్రసవం కోసం వచ్చే గర్భిణులకు రక్షలు ఇచ్చారు. ఊరేగింపులో తమ బండి లేకపోయినా, పండగలో తమ వంతు వదులుకోలేదు. 2014లో, సరిగ్గా 150 ఏళ్ళకు, కొత్త ఒఫునే-హొకో వీధిలోకి వచ్చింది. జులై 24న జరిగే రెండో ఊరేగింపులో ఆఖరి స్థానం దానిదే.

తకా-యమ కథ ఇంకా పొడుగు. 1826లో ఊరేగింపు మధ్యలో గాలివాన వచ్చి అలంకారాలు పాడైపోయాయి. బాగుచేసేదాకా మానుకుందాం అనుకున్నారు. ఆలోగా 1864 మంటలొచ్చాయి. మిగిలింది బొమ్మల తలలూ చేతులూ. వాటినే వాడ దాచుకుంది. 2022లో ఆ బండి తిరిగి కదిలింది, 196 ఏళ్ళ విరామం తర్వాత. దీనితో మొత్తం బండ్లు 34 అయ్యాయి.

ప్రపంచయుద్ధంలో 1943 నుంచి 46 దాకా ఊరేగింపు లేదు. 1947లో నగినత-హొకో ఒక్కటే బయలుదేరింది. 1962లో షిజో వీధి కింద రైలు సొరంగం తవ్వుతుంటే ఆగింది. 2020, 2021లో కోవిడ్‌తో ఆగింది. రోగం పోవాలని మొదలైన పండగ రోగం వల్లే ఆగాల్సి రావడం వాడలవాళ్ళకు చాలా బాధ కలిగించింది. ఆ రెండేళ్ళూ ఊరేగింపు బదులు వాడల ప్రతినిధులు కాలినడకన వెళ్ళి దేవుడికి దండం పెట్టి వచ్చారు.

ఇప్పుడు చూడటం సంగతి. చాలామంది జులై 17 ఊరేగింపుకి మాత్రమే వెళతారు. నన్నడిగితే బండి తిరగడం కంటే బండి కట్టడం ముందు చూడాలి. జులై 10 నుంచి షిజో, మురోమాచి వీధుల్లో హొకోలు లేస్తాయి. ఒక్క మేకు కొట్టరు. దుంగకి దుంగ ఆనించి గడ్డితాడుతో చుట్టుకుంటూ పోతారు. ఒకడు చుట్టు వేస్తే ఇంకొకడు కొయ్యసుత్తితో ఆ తాడుని కొట్టి బిగిస్తాడు. వరసకి వరస ఒత్తుగా, ఒక్క పోగు కూడా అడ్డదిడ్డంగా లేకుండా. చివర్న ఆ ముడులు సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకుంటాయి. ఈ కట్టు అందం కోసమే కాదు. పెద్ద హొకో బరువు పన్నెండు టన్నుల దాకా ఉంటుంది, స్తంభం కొన 25 మీటర్ల ఎత్తుకి వెళుతుంది. మలుపులో అంత బరువు ఊగితే మేకులు కొట్టిన చట్రం పగులుతుంది. తాడు కట్టు మాత్రం కాస్త సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. చట్రం తయారయ్యాక దాన్ని వీధిలో పక్కకి పడుకోబెట్టి, పొడుగు స్తంభం అందులోకి దించి, తాళ్ళతో లాగి నిలబెడతారు. ఆ పది నిమిషాలు వీధి వీధంతా ఊపిరి బిగపట్టి చూస్తుంది.

12, 13 తేదీల్లో ఆ బండ్లని కాస్త దూరం లాగి చూసుకుంటారు. అప్పుడు తాడు పట్టుకోవడానికి ఎవరైనా రావచ్చు. ఆడవాళ్ళు, పిల్లలు, దారినపోయే పరదేశీలు. ఇది మార్గదర్శక పుస్తకాలు చదివినవాళ్ళు తెలియక పోగొట్టుకునే అవకాశం. 14 నుంచి 16 దాకా రాత్రుళ్ళు బండ్లకు లాంతర్లు వెలుగుతాయి. పైన కూర్చున్నవాళ్ళు వేణువు, డోలు, కంచు గంట వాయిస్తారు. షిన్‌మాచి, మురోమాచి వీధుల్లోని కొన్ని పాత ఇళ్ళవాళ్ళు ముందు గది చెక్కజాలీ తీసేసి, తాతలనాటి బొమ్మల తెరల్ని వీధికి కనపడేలా పెడతారు. వీధిలో నిలబడే చూడాలి, లోపలికి వెళ్ళకూడదు. ఫొటో తీసే ముందు అడగాలి.

17న తొమ్మిదింటికి నగినత-హొకో కదులుతుంది. దాని మీద దేవుడి ప్రతినిధిగా ముస్తాబైన బాలుడు ఉంటాడు. మిగతా హొకోల మీద పిల్లల బదులు బొమ్మలే. ఆ బాలుడు కత్తితో అడ్డుతాడు నరికితే ఊరేగింపుకి దారి తెరుచుకున్నట్టు. చూడటానికి షిజో, కవరమాచి వీధులు కలిసే మూల మంచిది. ఈ బండ్ల చక్రాలు పక్కకి తిరగవు. మన రథాలని చక్రం కింద మొద్దు పెట్టి మళ్ళించినట్టు, ఇక్కడ చక్రాల కింద పచ్చి వెదురు బద్దలు పరిచి నీళ్ళు పోస్తారు. బండి ముందు నిలబడ్డ నలుగురు విసనకర్రలు ఆడించి ఎన్యారయా అని కేక వేస్తారు. నలభై యాభై మంది పక్కనుంచి తాడు లాగుతారు. మనిషెత్తు చక్రాలు వెదురు మీద కిర్రుమంటూ జారతాయి. ఒక్క లాగులో పూర్తిగా తిరగదు. రెండు మూడు లాగులు పడుతుంది. పైన స్తంభం ఊగుతుంటే కప్పు మీద కూర్చున్న వడ్రంగులు కరెంటు తీగలకూ ఇళ్ళ చూరులకూ తగలకుండా కాళ్ళతో నెడుతుంటారు.

జనసమ్మర్దం పడనివాళ్ళు 24న జరిగే రెండో ఊరేగింపుకి వెళ్ళండి. పాతకాలంలో ఉత్సవం రెండు దఫాలుగా జరిగేది. 1966లో ట్రాఫిక్ కోసమనీ పర్యాటకం కోసమనీ రెండిటినీ కలిపేశారు. 2014లో తిరిగి విడదీశారు. ఇప్పుడు 17న 23 బండ్లు, 24న 11 బండ్లు. రెండోదానికి ముందు రాత్రుళ్ళు తినుబండారాల అంగళ్ళు ఉండవు, గోల ఉండదు. ఆ నిదానంలో బట్టల మీది నేత దగ్గరగా కనపడుతుంది. నా ఓటు రెండోదానికే.

ఆ నెలలో యాసకా గుడి పరిధిలోని పాతకాలపువాళ్ళు దోసకాయ తినరు. అడ్డంగా కోస్తే గుడి ముద్రలా కనపడుతుందని. దాని బదులు హామో తింటారు. పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప. సముద్రానికి దూరంగా ఉన్న క్యోటోకి ఎండాకాలంలో ప్రాణాలతో చేరగలిగిన చేప ఇదొక్కటే అన్నట్టుండేది. సన్నని ముళ్ళు లెక్కలేనన్ని. మూడు సెంటీమీటర్లకి ఇరవై నాలుగు గాట్లు, చర్మం తెగకుండా వేయగలిగితేనే పనివాడు అంటారు. వంటవాడి పీట దగ్గర కూర్చునే చోటు దొరికితే, కత్తి ఆ ముళ్ళ మీద చేసే సన్నని చప్పుడు వినండి.

ఇవాళ ఆ వాడల్లో బట్టల టోకు దుకాణాలు తగ్గిపోయాయి. కిమోనో కొనేవాళ్ళే తగ్గారు. వాటి చోట ఆఫీసులూ హోటళ్ళూ అపార్టుమెంట్లూ లేచాయి. తరాలుగా ఉన్న కుటుంబాలు చాలావరకు వేరే చోట్లకు వెళ్ళిపోయాయి. తాడు లాగేవాళ్ళలో విద్యార్థులూ స్వచ్ఛంద కార్యకర్తలూ ఎక్కువ. కొన్ని వాడలు కొత్త అపార్టుమెంట్లవాళ్ళను సంఘంలో చేర్చుకుని, చిమాకి అమ్మడం నుంచి తాడు చుట్టడం దాకా నేర్పుతున్నాయి. ఇది పాత పద్ధతికి విరుద్ధమని గొణిగేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. 1500లో తిరిగి మొదలుపెట్టినవాళ్ళలోనూ యుద్ధం తర్వాత వచ్చి చేరినవాళ్ళు ఉండే ఉంటారు. ఎదురింటివాడే వాడవాడు అన్న పాత లెక్క ప్రకారం, ఎదురు అపార్టుమెంటు ఆరో అంతస్తువాడూ వాడవాడే.

17న బండ్లు ఇంటికి చేరాక ఎంతోసేపు నిలబెట్టరు. నగరంలోని రోగాన్నంతా అవి తమ మీదికి లాక్కుంటాయని నమ్మకం కనుక, వెంటనే విప్పడం మొదలుపెడతారు. మధ్యాహ్నానికల్లా షిన్‌మాచిలో తాళ్ళు తెగుతుంటాయి. అదే సాయంత్రం యాసకా గుడి మెట్ల ముందు మూడు పల్లకీలు లేస్తాయి. తెల్లబట్టల మనుషులు వందలమంది వాటిని భుజాల మీద ఎగరేస్తూ షిజో వీధిలోని విడిది గుడికి తీసుకెళతారు. 24 రాత్రి తిరిగి తెస్తారు. పొద్దున బండ్లు దారి శుభ్రం చేసేది ఈ పల్లకీల కోసమే. చాలామంది యాత్రికులు బండ్లు చూసి హోటలుకి వెళ్ళిపోతారు. మీరు సాయంత్రం దాకా ఉండండి.

(వచ్చే భాగంలో: షిన్‌సెన్-ఎన్ తోటని మింగిన నిజో కోట)